నలభై ఒకటి పచ్చ, ఒకటి ఎరుపు

మెట్లూరు నీటి పుస్తకం. రాస్తున్నది సీతారావమ్మ, నీటి చూపరి. రోజుల లెక్క కొత్త బోరు తెరిచిన నాటినుంచి.

58వ రోజు, శుక్రవారం

పొద్దున అయిదున్నరకి గంట మోగింది. అందరూ చెంబులు పట్టుకుని గుమ్మాల ముందుకు వచ్చారు, ఓబులమ్మ తప్ప. ఆవిడ ఎప్పటిలాగే రెండోసారి గంట మోగాక, జుట్టు ముడేసుకుంటూ, ఆవులిస్తూ వచ్చింది. ఈ గనిలో పుట్టి పెరిగిన మనిషి కదా, సముద్రం తరిమితే వచ్చిపడ్డ మాలాంటి వాళ్ళకున్న కంగారు ఆవిడకి లేదు.

నా తరవాత ఈ పుస్తకం పట్టేవాళ్ళ కోసం పద్ధతి ఒకసారి రాసి పెడతాను. మా ఊరు పాత నాపరాయి గనిలో ఉంది. గని చుట్టూ రాయి కోసిన మెట్లు ఆరు, మెట్టుకి ఏడిళ్ళు. పొద్దున్నే ప్రతి కుళాయికీ ఒక్క చెంబెడు చూపు నీళ్ళు వదులుతాను. నీళ్ళలో విషం పసిగట్టే పరికరాన్ని మేం కన్ను అంటాం, ఇంటికొకటి. ఎవరింటి కన్ను వాళ్ళు ఆ చెంబులో ముంచి పైకెత్తి పట్టుకోవాలి. నీళ్ళు మంచివైతే దాని చివర ఆకుపచ్చ దీపం, విషం ఉంటే ఎర్ర దీపం. నేను అడుగున పంపు దగ్గర స్టూలెక్కి లెక్కపెడతాను. అయిదు ఎరుపులుంటే వాల్వు తిప్పను. అంతకు తక్కువైతే అది ఆ ఇంటి చెంబు తప్పో, కుండ తప్పో. లెక్క సరిపోతే అందరూ చూస్తుండగా మొదటి గుక్క నేను తాగి వాల్వు తిప్పుతాను. నా గుక్క దిగితేనే ఊరి గుక్క.

ఈ రోజు నలభై రెండూ పచ్చ. గుక్క తాగాను, చల్లగా ఉంది.

శుక్రవారం కాబట్టి కన్నులు తోమే రోజు కూడా. ఇది నేను పెట్టిన ఆచారమే, చెప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు. రెండేళ్ళ కిందట ఈ కన్నులు పెట్టెల్లో వచ్చినప్పుడు ఒక్కోటీ వేలెడు పొడవు, కొసన చిన్న రాగి రేకు, ఆ రేకంతా నల్లగా కిలుము పట్టి ఉంది. చవకరకం సరుకు, దారిలో మగ్గిపోయి ఉంటుందనుకున్నాను. మా అమ్మ రాగిబిందె తోమినట్టు చింతపండు పెట్టి తోమితే, నాలుగు శుక్రవారాలకి బంగారంలా తేలింది. అది చూసి ఊరంతా మొదలుపెట్టారు. ఎవరి కన్ను ఎక్కువ మెరిస్తే వాళ్ళకి ఆ వారం గంట కొట్టే గౌరవం. ఓబులమ్మ కన్ను మాత్రం ఇప్పటికీ పెనం అడుగులా నల్లగానే ఉంది. ఆవిడకి గంట కొట్టాలనే ఆశ కూడా లేదు.

తొమ్మిదికి సైరన్ మోగింది, గని మీద ఎండ తెర లాగేశారు. ఇవాళ పైన యాభై ఒక్క డిగ్రీలు.

61వ రోజు, సోమవారం

నలభై ఒకటి పచ్చ, ఒకటి ఎరుపు.

ఎరుపు ఎవరిదో చెప్పక్కర్లేదు. గుక్క తాగి, వాల్వు తిప్పి, తిన్నగా కింది మెట్టులో ఉన్న ఓబులమ్మ ఇంటికే వెళ్ళాను. ఆవిడ గడపలో కూర్చుని ఉల్లిపాయలు ఒలుస్తోంది.

"ఏమక్కా, పొద్దన్నే ఈ పక్క వచ్చినావు?"

"నీ చెంబు చూద్దామని వచ్చాను. కడిగి ఎన్నాళ్ళయింది?"

"నిన్న కడిగినా. కావాలంటే నువ్వూ కడుగు, నేనేం వద్దననులే."

నేనే కడిగాను. పక్కింటి కుళాయిలోంచి నీళ్ళు పట్టాను. ఆవిడ కన్ను ముంచితే మళ్ళీ ఎరుపే. ఆ రేకు వైపు చూస్తే నాకు ఒళ్ళు మండింది.

"రెండేళ్ళలో ఒక్కసారైనా దీన్ని తోమావా?"

"నీళ్ళలో మునిగేదే దాని పని. మళ్ళా దానికి తలంటేంది?"

ఆ మాటకి పక్కింటి వాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. కన్ను తప్పు అని పుస్తకంలో రాసుకున్నాను.

66వ రోజు, శనివారం

ఆరు రోజులుగా అదే లెక్క, అదే ఎరుపు.

ఈ రోజు నా మనసు దాని మీద లేదు. మా హైమ కూతురికి రెండు నెలలు నిండాయి. హైమ నా ఒక్కగానొక్క కూతురు. ఈ ఎండలకి దానికి పాలు పడటం లేదు, పొడిపాలు కలిపి పట్టాల్సి వస్తోంది. పాప నాలుగు రోజులుగా చురుగ్గా లేదు. ఏడవాల్సిన చోట మూలుగుతోంది, పాలు సగం తాగి నిద్రపోతోంది. ఉక్క అంటుంది హైమ, అయ్యుండొచ్చు.

పాప పాలకి నీళ్ళు మాత్రం నేనే కాస్తాను, ఇంకెవరినీ నమ్మను. మూడుసార్లు మరగబెట్టి, గిన్నెడు నీళ్ళు అరగిన్నెకి వచ్చాక దించుతాను. మా అమ్మాయి నన్ను చాదస్తం అంటుంది. అననీ, పసిబిడ్డ విషయంలో చాదస్తం ఉంటే తప్పేంటి?

68వ రోజు, సోమవారం

ఊరి ముందు అడిగేశాను. గంట దగ్గర అందరూ ఉండగానే.

"ఓబులమ్మా, ఎనిమిది రోజుల్నుంచి నీ ఒక్కదాని కన్నే ఎర్రగా వెలుగుతోంది. చూసేవాళ్ళకి భయం పుడుతోంది, పొద్దున్నే పిల్లలు బెదిరిపోతున్నారు. గురువారం లోపల అది తోమి, మెరిసేలా తెచ్చి నాకు చూపించాలి. లేకపోతే నీ కుళాయికి సగం నీళ్ళే."

ఓబులమ్మకి కోపం రావటం నేను ఎప్పుడూ చూడలేదు. ఈ రోజు చూశాను.

"నా కన్ను గుడ్డిదంటావు, అంతేనా? సరే. నీ తళతళలాడే కన్నును ఆవుల కొట్టం వెనక పెంటగుంటలో ముంచి సూడు. అది ఎరుపు సూపిస్తే నేను గురువారం దాకా ఎందుకు, ఇప్పుడే తోముతా."

"నా కన్నుని పెంటగుంటలో ముంచుతానా? నీకేమైనా పిచ్చా?"

అందరూ నా వైపే తల ఊపారు. పేడ నీళ్ళల్లో, గొడ్ల మూత్రంలో నా కన్ను ముంచడమన్న ఆలోచనకే దాన్ని కొంగుతో ఇంకోసారి తుడిచాను. ఓబులమ్మ చెంబు తీసుకుని వెళ్ళిపోయింది. గెలిచాననే అనుకున్నాను, దాచడం ఎందుకు.

71వ రోజు, గురువారం

రాత్రి చాలా పొద్దుపోయింది. అయినా జరిగింది జరిగినట్టు రాయాలి.

పొద్దున నలభై ఒకటి పచ్చ, ఒకటి ఎరుపు. గుక్క తాగి వాల్వు తిప్పాను. ఇంటికొచ్చేసరికి హైమ పాపని వెలుతురులో పట్టుకుని నిలబడి ఉంది.

"అమ్మా, దీని పెదాలు చూడు. గోళ్ళు చూడు."

పెదాలు నేరేడుపండు తిన్నట్టున్నాయి. గోళ్ళు బూడిద రంగు. ఒంట్లో వేడి లేదు, దగ్గు లేదు, కళ్ళు మాత్రం మూతలు పడిపోతున్నాయి. గోడ తెర మీద వైద్యశాలకి పిలిచాం. రెహానా అనే నర్సు పలికింది. చిన్నదే, ముప్ఫై ఉండవు, కానీ తొణకని మనిషి.

"అమ్మా, పాప మడమ మీద సూదితో కొంచెం గుచ్చండి. రక్తం రంగు చూపించండి."

గుచ్చాను. నా చేత్తో నేనే గుచ్చాను. చుక్క బయటికి వచ్చింది, ఎర్రగా లేదు. చాక్లెట్ రంగులో ఉంది. హైమ గట్టిగా అరిచింది.

"నేను బయల్దేరుతున్నా," అంది రెహానా, "అరగంటలో మీ దగ్గర ఉంటా. దీనికి మందుంది, భయపడొద్దు. పాపకి ఆ నీళ్ళు మాత్రం ఇక పట్టకండి. నీటిలో నైట్రేట్ ఎక్కువైతే పసిపిల్లల రక్తం ఇలా అవుతుంది. పెద్దవాళ్ళకి తెలియదు, వాళ్ళు తట్టుకుంటారు."

"మా నీళ్ళు మంచివమ్మా. పొద్దున కూడా నలభై ఒక్క కన్నులు పచ్చ చూపించాయి. పైగా పాప కోసం నేను మూడుసార్లు మరగబెడతాను."

రెహానా సంచి సర్దుతూనే చెప్పింది.

"మరగబెడితే అది పోదమ్మా. నీళ్ళు ఇగిరిపోతాయి, అది మిగిలిపోతుంది. ఇంకా చిక్కబడుతుంది."

హైమ నా వైపు చూసింది. పాపని ఇంకా దగ్గరికి లాక్కుంది. తిట్టినా బాగుండేది.

అప్పుడు గుర్తొచ్చింది పెంటగుంట. నా కన్ను తీసుకుని పై మెట్టు మీదున్న కొట్టం వెనక్కి పరుగెత్తాను. పేడ, మూత్రం, కుళ్ళిన గడ్డి, ఈగలు. మోకాళ్ళ మీద కూర్చుని, నా బంగారంలాంటి కన్నుని ఆ నల్లటి నీళ్ళలో ముంచాను.

ఆకుపచ్చ దీపం వెలిగింది.

ఇంకోచోట ముంచాను. పచ్చ. అడుగుదాకా ముంచాను. పచ్చే. ఆ దీపాన్ని చూస్తూ అలాగే కూర్చుండిపోయాను. నేను రెండేళ్ళుగా చింతపండుతో తోమి తోమి తీసేసింది కిలుము కాదు. ఆ నల్లటి పూతే కన్ను. విషం తగిలితే పసిగట్టేది అదే. అది పోయాక రేకుకి ఏమీ తెలియదు, ఏమీ తెలియనప్పుడు ఆ పిచ్చి దీపం పచ్చగా వెలుగుతుంది. ఊళ్ళో చూపున్న కన్ను ఒక్కటే మిగిలింది. అది తోమని కన్ను.

వెంటనే ఇంకో సంగతి తట్టింది. ఈ రోజు గురువారం.

అయిదు మెట్లు ఎలా దిగానో నాకు తెలియదు. చెప్పు ఒకటి ఎక్కడో ఊడిపోయింది. "ఓబులమ్మా, తోమకు! తోమకు!" అని అరుస్తూనే ఉన్నాను. జనం బయటికొచ్చి నాకు ఎండదెబ్బ తగిలిందనుకున్నారట. ఓబులమ్మ గడపలోనే కూర్చుని ఉంది. పక్కన గిన్నెలో నానిన చింతపండు, ఒళ్ళో కన్ను, వేళ్ళ నిండా గుజ్జు.

"ఏమక్కా, తోమమని నువ్వే అంటివి. మళ్ళా నువ్వే వద్దంటే నేనేం సేసేది?"

చేతిలోంచి లాక్కుని కుళాయి కింద కడిగాను. రేకు సగం తళతళా మెరుస్తోంది. మిగతా సగం ఇంకా నల్లగా ఉంది. ఆవిడ బద్ధకం నన్ను ఇంతకు ముందెప్పుడూ కాపాడలేదు. ఈ రోజు కాపాడింది, ఎందుకంటే ఆ మనిషి ఏ పనైనా సగంలో ఆపి ఒక వక్క వేసుకుంటుంది.

చెంబులో ముంచాను. దీపం కొంచెం మసకగా, కానీ ఎర్రగా వెలిగింది.

నేను అక్కడే కూలబడి ఏడ్చాను. ఓబులమ్మ చింతపండు చేతులతోనే నా భుజం పట్టుకుంది. పాప సంగతి చెప్పాను. ఆవిడ ముఖం పాలిపోయింది.

"కొత్త బోరు యాడేసినారు? మూడో గుంత పక్కనే గదా! మా నాయన ఈ గనిలోనే పని సేసె. గని మూసేసేటప్పుడు మిగిలిన తూటాల మందంతా, మూటలకి మూటలు ఆ గుంతలోనే పూడ్చినారక్కా. నేను సిన్నపిల్లని, సూస్తానే ఉండా. నన్నెవురు అడిగినారు?"

నిజమే. ఎవరూ అడగలేదు. బద్ధకస్తురాలిని ఏం అడుగుతాం అనుకున్నాం. రాయి పేల్చే ఆ మందులో ఉండేది ఈ నైట్రేటేనని తరవాత రెహానా చెప్పింది.

వాల్వు మూసేశాను. వేళకాని వేళ గంట కొట్టాను. బిందెల్లో పట్టుకున్నవన్నీ పారబోయించాను. పాత వాన గుంటలో మిగిలిన నీళ్ళు పసిపిల్లలకీ, కడుపుతో ఉన్నవాళ్ళకీ పంచమని చెప్పాను.

వైద్యశాల ఎగురుబండి దిగింది. రెహానా పాప చేతికి సన్నటి సూది పెట్టి మందు ఎక్కించింది. ఆ మందు ముదురు నీలం. నీలంగా మారిన బిడ్డకి నీలం మందు ఏంటని ఆ అమ్మాయి చెయ్యి పట్టుకోబోయాను. గంటలోపే పెదాలకి రంగు వచ్చింది. తరవాత గోళ్ళకి. తరవాత పాప నోరు తెరిచి ఊరంతా వినేలా ఏడ్చింది. అంత మంచి ఏడుపు నేను ఎప్పుడూ వినలేదు.

హైమ పాపని గుండెకి హత్తుకుని నాతో అంది: "అమ్మా, నువ్వు కావాలని చేశావా ఏంటి? కూర్చో. నువ్వు పొద్దున్నుంచి ఏం తినలేదు."

అప్పుడు నాకు పొద్దుటికంటే ఎక్కువ ఏడుపొచ్చింది.

72వ రోజు, శుక్రవారం

అయిదున్నరకి గంట. అందరూ అలవాటుగా కన్నులు పట్టుకునే వచ్చారు, కొందరు చింతపండు కూడా. శుక్రవారం కదా.

ఈ రోజు చూపు నీళ్ళు కుళాయిలోంచి వదల్లేదు. పెంటగుంటలోంచి నాలుగు బకెట్లు తోడించి మెట్టు మెట్టుకీ పంపాను. ముక్కు మూసుకుంటూ, నన్ను తిట్టుకుంటూ ఒక్కొక్కరూ కన్ను ముంచి పైకెత్తారు.

నలభై ఒకటి పచ్చ, ఒకటి ఎరుపు.

ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన అవసరం రాలేదు. ఎత్తిన చేతులు ఒక్కొక్కటే కిందికి దిగాయి. రెండో మెట్టులో ఒకావిడ తన కన్నుని తిప్పి తిప్పి చూసుకుంటూ ఏడవడం మొదలుపెట్టింది. ఆవిడకి ఆరో నెల.

"తోమమన్నది నేను," అన్నాను. స్టూలు దిగిపోయాను. "ఎవరూ నాకు చెప్పలేదు. నేనూ ఎవరినీ అడగలేదు. నల్లగా ఉంటే మురికి అనుకున్నాను, మెరిస్తే మంచిది అనుకున్నాను. చూసిన ఒక్క కన్నుని గుడ్డిది అన్నాను. ఈ స్టూలు ఇంకెవరికైనా ఇవ్వండి. నన్నడిగితే ఓబులమ్మకి ఇవ్వండి."

ఓబులమ్మ కంగారుపడిపోయింది.

"నాకొద్దు తల్లీ! పొద్దన్నే అయిదున్నరకి లేసేది నాతో అయ్యే పనేనా? రెండో గంటకు వస్తా, నా కన్ను తెస్తా, అంతే."

ముందు ఎవరు నవ్వారో తెలియదు. ఆరు మెట్లూ నవ్వాయి. మూడో మెట్టులో పుల్లయ్య, ఆవుల కొట్టం చూసే పెద్దాయన, గొంతు సవరించుకున్నాడు.

"సీతారావమ్మా, నువ్వు తోమమంటే తోమినాం, నిజమే. కానీ ఆ గంట కొట్టాలని మేమూ పోటీ పడితిమి గదా. నువ్వొక్కదానివే మొయ్యాల్సిన పనిలేదు. స్టూలెక్కు."

ఎక్కాను. మొదటి గుక్క మాత్రం ఓబులమ్మ చేత తాగించాను, వాన గుంట నీళ్ళు. ఆవిడ కన్ను పచ్చ చూపించిన నీళ్ళు.

93వ రోజు, శుక్రవారం

మూడు వారాలుగా రాయడానికి తీరిక లేదు. ఇంటింటికీ పంచిన వాన గుంట నీళ్ళు చూడటానికి ఓబులమ్మ సగం కన్ను ఒక్కటే పట్టుకుని ఇద్దరం ఇల్లిల్లూ తిరిగాం. ఆవిడ నడుస్తుంది, మధ్యలో కూర్చుంటుంది, వక్క నములుతుంది, నేను పళ్ళు కొరుక్కుంటూ ఆగుతాను. ఈ నడకలో ఆవిడకి గని గురించి తెలిసినవన్నీ అడిగి అడిగి చెప్పించుకున్నాను, పుస్తకం వెనక పేజీల్లో రాశాను. కొత్త బోరుకి సీలు వేశారు. అవతలి గట్టున ఇంకోటి తవ్వారు, ఓబులమ్మ వేలు పెట్టి చూపించిన చోట.

నిన్న కొత్త కన్నులు వచ్చాయి, ఇంటికొకటి. అన్నిటికీ రేకులు నల్లగా ఉన్నాయి. చూడగానే నా వేళ్ళు చింతపండు కోసం వెతికాయి, అబద్ధం ఆడను. ఓబులమ్మ నా చెయ్యి మీద ఒక్కటి వేసింది.

ఈ రోజు కొత్త ఆచారం మొదలు. ప్రతి శుక్రవారం, మంచి నీళ్ళకంటే ముందు పెంటగుంట నీళ్ళు. ఏ కన్ను ఎర్రబడదో ఆ కన్ను ఆ రోజే మార్చాలి. చెడ్డ నీళ్ళని చెడ్డవి అనగలిగితేనే, మంచి నీళ్ళని మంచివి అంటే నమ్ముతాం.

అయిదున్నరకి గంట కొట్టాను. హైమ మా గుమ్మంలో పాపని ఎత్తుకుని నిలబడింది. పాప బొద్దుగా, ఎర్రటి గోళ్ళతో, మా కొత్త కన్నుని అందుకోబోతోంది. బకెట్లు వెళ్ళాయి. ముక్కులు మూసుకుని అందరూ ముంచారు. నేను కింద నిలబడి, తల పైకెత్తి లెక్కపెట్టాను.

ఆరు మెట్ల నిండా ఎర్ర దీపాలు. నలభై ఒకటి. లెక్క తప్పానేమో అని మళ్ళీ పెట్టాను. నలభై ఒకటే. ఎర్రబడని కన్ను ఎవరిదా అని మెట్టు మెట్టూ వెతికాను.

అప్పుడు కింది మెట్టులో తలుపు తెరుచుకుంది. ఓబులమ్మ జుట్టు ముడేసుకుంటూ, ఆవులిస్తూ బయటికి వచ్చింది. నింపాదిగా బకెట్ దగ్గర వంగి, కన్ను ముంచి, పైకెత్తి పట్టుకుంది.

నలభై రెండు.